అంకారావు బాబాయి రెప్పలకి రంగు దొరికిన వైనం

మా ఊళ్ళో అందరికంటే అందమైన ఆడది ఎవరంటే అంకారావు బాబాయి. ఈ మాట నాది కాదు, సొంత పెళ్ళాం చెన్నమ్మ పిన్ని మాట. పొద్దున్నే లుంగీ ఎగగట్టి, వీపుకి మందు డబ్బా తగిలించుకుని మిరపచేలో దిగే మనిషి, శివరాత్రికి కోటప్పకొండ కింద స్టేజీ ఎక్కాడంటే కనకాంబ రాణి అయిపోతాడు. ఒక ఏడు పక్కూరి పెద్దాయన ఆటయ్యాక తెర వెనక్కి వచ్చి, "ఈ అమ్మాయిది ఏ ఊరు, సంబంధాలు చూస్తన్నారా" అని అడిగాడట. అప్పటికే బాబాయికి మనవరాలు బళ్ళో చదువుతోంది.

ఆ నాటకం మా ఊరి పాత పంతులుగారు రాసింది. రాజ్యం పోయి అడవిలో పడ్డ రాణి, బిడ్డను పోగొట్టుకుని ఖాళీ ఊయల పట్టుకుని పద్యాలు పాడుతూ ఏడుస్తుంది. కథంతా అంతే, కానీ ఆ ఊయల దగ్గర బాబాయి ఏడుపు చూడాలి. కొందరు ఆర్టిస్టులు కళ్ళలో ఏదో చుక్కల మందు వేసుకుంటారు. బాబాయికి ఆ అవసరం లేదు. ఊయల తాడు ముట్టుకుంటే చాలు, మోటారు స్విచ్చి వేసినట్టు కళ్ళవెంట నీళ్ళు దూకుతాయి. జనంలో ఏడవనివాడు ఎవడైనా కనిపిస్తే వాడు నిద్రపోతున్నట్టు లెక్క.

ఇన్నేళ్ళూ కళ్ళకి సీసా కాటుక దట్టంగా పెట్టుకునేవాడు, మండినా ఓర్చుకునేవాడు. అది కరిగి కారినా దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది? పోయిన శివరాత్రికి మాత్రం వెదురు గడలతో గోపురంలా కట్టే ప్రభల పక్కన ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. స్టేజీ మీద మనిషి మొహాన్ని కెమెరావాడు పట్టి తెర మీద వేస్తున్నాడు. బాబాయి కన్ను చేటంత కనిపించింది. చేట అంటే తక్కువ చెప్పినట్టు, ఎడ్లబండి చక్రమంత కనిపించింది. ఊయల ముట్టుకున్నాడు, ఏడ్చాడు, కాటుక కదిలింది. ఒక చెంప మీద సాగర్ కుడికాలవ, ఇంకో చెంప మీద ఎడమకాలవ నల్లగా పారి గడ్డం దగ్గర కలిశాయి. కోటప్పకొండ మీద త్రికోటేశ్వర స్వామి కూడా నవ్వి ఉంటాడు. కుర్రాళ్ళు దాన్ని ఫోన్లలో పట్టి, వెనక డప్పు మోత పెట్టి వదిలారు. మర్నాటికి మాచర్ల బస్సులో కూడా అదే ఆడుతోంది.

మా నాటక సమాజానికి పెద్ద శ్రీమన్నారాయణ శెట్టిగారు. పేటలో ఎరువుల కొట్టు ఆయనది. పేట అంటే మాకు నరసరావుపేటే, వేరే పేటలు ఉన్నాయని ఒప్పుకోం. తిరునాళ్ళ అయిన వారానికి ఆయన బాబాయి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా గోడకీ వాళ్ళ గోడకీ మధ్య పిల్లి పట్టే సందు ఉంది, అక్కడి నుంచి మాటలన్నీ వాటంతట అవే నా చెవిన పడతాయి.

"ఏమయ్యా అంకారావూ, నీ పాటకి వంక లేదు. గాని ఆ తెర వచ్చాక రోజులు మారినయ్యి. వచ్చే ఏడు గుంటూరు నుంచి లేడీ ఆర్టిస్టుని పిలిపిద్దాం. నువ్వు మంత్రి వేషం కట్టు" అన్నాడు.

ఆ నాటకంలో మంత్రికి "చిత్తం మహారాణీ" తప్ప వేరే మాట లేదు.

బాబాయి లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. తర్వాత నెమ్మదిగా, "శెట్టిగారూ, ఒక్క ఏడు చూడండి. మళ్ళీ నల్లగా కారితే నేనే గడ్డం అంటించుకుని మంత్రిగా నిలబడతా. మీరు చెప్పేదాకా కూడా ఆగను" అన్నాడు.

"సరే, ఈ ఒక్క ఏడే" అని శెట్టిగారు మజ్జిగ తాగి వెళ్ళాడు.

ఆ రాత్రి నుంచి బాబాయికి మిరప ధర మీద ధ్యాస పోయింది. మనిషికి ఉన్నది ఒకటే రాజ్యం, అదీ ఏడాదికి ఒక్క సాయంత్రం. అది కాస్తా కాటుక కాలవలో కొట్టుకుపోతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

దారి చూపించింది మనవరాలు రుచిత. పేటలో డిగ్రీ చదువుతుంది, ఆదివారం ఇంటికి వస్తుంది. "తాతా, నీకు కావాల్సింది కాటుక కాదు, మస్కారా. రెప్ప వెంట్రుకలకి రాస్తారు. తడిసినా కారనిది దొరుకుద్ది" అని పేట బజారు నుంచి సన్నటి ట్యూబు ఒకటి తెచ్చింది. రాసి చూపించింది కూడా. చెంబుడు నీళ్ళు మొహాన కొట్టుకున్నా చుక్క కదల్లేదు. చెన్నమ్మ పిన్ని బుగ్గన వేలేసుకుంది. అక్కడితో కథ అయిపోవాలి. కానీ బాబాయికి ఒక అలవాటు ఉంది, కంట్లోకి కొత్తది ఏది వెళ్ళినా ముందు ఆరా తీస్తాడు.

అందుకో కారణం ఉంది. చాన్నాళ్ళ క్రితం చేలో మందు కొడుతుంటే గాలి తిరిగి, మందు కంట్లో పడింది. పేట ఆసుపత్రిలో మంచం మీద పడుకుని మంట మంట అని అరిచాడు. కన్ను నలిపితే చూపు పోతుందని డాక్టరు చెబితే, చెన్నమ్మ పిన్ని పగలూ రాత్రీ ఆయన చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. కన్ను దక్కింది. ఆ మంట మాత్రం ఆయన మర్చిపోలేదు.

"ఇది కంట్లో పడితే మండదని వాళ్ళకి ఎట్టా తెలుసే?" అని రుచితని అడిగాడు.

ఆ పిల్ల ఫోన్లో వెతికి ఒక వీడియో చూపించింది. ఏ దేశందో, పాతది. చెవులపిల్లుల్ని వరసగా పెట్టి, మెడలు చెక్కల్లో బిగించి, కళ్ళలో ఏదో పోస్తున్నారు. ఎర్రగా వాచిన కళ్ళు. తల తిప్పుకోవడానికి లేదు, కాలితో గోక్కోవడానికి లేదు. బయటి ఊళ్ళవాళ్ళు కుందేలు అంటారు గానీ మాకు అది చెవులపిల్లే.

"అన్ని కంపెనీలూ ఇట్టా చెయ్యవులే తాతా. మన దేశంలో ఆపేశారంట కూడా. ఇదేమో యాడ తయారైందో తెలీదు" అంది.

బాబాయి ట్యూబు మూత పెట్టి దూలం మీద పెట్టాడు. ఆ పూట అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి అలాగే వదిలేశాడు.

చెన్నమ్మ పిన్ని ఊరుకుంటుందా? "ఏమయ్యో, వయసులో వలేసుకుని పొలాలెంట తిరిగినోడివి. చెవులపిల్లి కూర వండితే గిన్నె కడగాల్సిన పని ఉండేది కాదు నాకు. తినేటప్పుడు లేని జాలి పూసుకునేటప్పుడు వచ్చిందా?"

"తినేదానికి కొడితే ఒక్క దెబ్బతో పోద్ది. ఇది అట్టా కాదే. కంట్లో పోసి, నలుపుకోకుండా బిగించి, ఎంత ఎర్రబడిందో చూస్తా కూర్చుంటన్నారు. ఆసుపత్రిలో నా చేతులు పట్టుకోడానికి నువ్వు ఉన్నావు. వాటికెవురున్నారు?"

పిన్ని ఆ కంచం తీసి పక్కన పెట్టింది. నేనే సందులోంచి తల పెట్టి, "మరి టాంకులకి టాంకులు కొట్టి పురుగుల్ని చంపుతావు గదా బాబాయ్, వాటి సంగతేంది?" అన్నాను.

"పురుగు నా చేలోకి వచ్చిందమ్మాయ్. చెవులపిల్లి వాళ్ళింటికి పోయిందా?" అన్నాడు.

నేను తల వెనక్కి లాక్కున్నాను. ఆ సందులోంచి నేను అంత తొందరగా తల తియ్యడం అదే మొదటిసారి.

ఇక వేట మొదలైంది. ఏ ప్రాణినీ ఏడిపించకుండా చేసినది కావాలి, మొక్కల సరుకుతో చేసినది కావాలి, ఏడిస్తే కారకూడదు. రుచితకి పరీక్షలు, అందుకని బాబాయి ఒక్కడే పేట వెళ్ళాడు. బజారులో అక్తర్ బేగం ఫ్యాన్సీ కొట్టు ఉంది. గాజుల దగ్గర నుంచి గోళ్ళరంగు దాకా అక్కడ లేనిది లేదు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఎరువుల సంచి, వచ్చి మస్కారా అడిగిన మీసాల మనిషిని చూసి ఆవిడ ఒక్క క్షణం ఆగింది. అన్నట్టు ఆ మీసం శివరాత్రికి ముందు రోజే తీస్తాడు.

"ఎవరికన్నా, కోడలికా?"

"నాకే."

అక్తర్ బేగం ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో, ఎంతమంది పెళ్ళికొడుకులు దొంగచాటుగా పౌడరు కొనుక్కోవడం చూసిందో. చకచకా నాలుగైదు పెట్టెలు ముందు పెట్టింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కోటీ తిప్పి చూశాడు. ఒక పెట్టె అడుగున చిన్న కుందేలు బొమ్మ ఉంది, గెంతుతున్నట్టు. ఆయన చెయ్యి కాలినట్టు దాన్ని బల్ల మీద వదిలేశాడు.

"సిగ్గు లేకుండా బొమ్మ గూడా ఏశారమ్మా."

"అది గుర్తు అన్నా, మంచి గుర్తే అనుకుంటా."

"మంచి గుర్తా? ఎలకల మందు డబ్బా మీద ఏముంటది?"

"ఎలక."

"పచ్చపురుగు మందు మీద?"

"నాకేం తెలుసన్నా, నాకు చేలు లేవు."

"పచ్చపురుగు ఉంటది. దోమల చుట్ట మీద దోమ. దేని మీద పనిచేస్తదో దాని బొమ్మ ఏస్తారు. పుట్టినకాడి నుంచి మందు కొంటన్నా, నాకు తెలవదా? ఇది చెవులపిల్లి మీద పోసింది. తీసెయ్."

అక్తర్ బేగం ఆలోచించింది. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ కనిపించలేదు. ఆ బొమ్మ ఉన్న పెట్టెలన్నీ వెనక్కి పెట్టి, ఏ బొమ్మా లేని ట్యూబు చేతికిచ్చింది.

అంతటితో పోలేదు. బాబాయి ఊళ్ళోకి వచ్చి ఈ సంగతి అందరికీ చెప్పాడు. ఆయన చెప్పింది తక్కువ, నేను మోసింది ఎక్కువ. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ సబ్బు పెట్టెలూ క్రీము డబ్బాలూ తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. నా మొహానికి రాసుకునే డబ్బా అడుగున కూడా ఆ చెవులపిల్లి దొరికింది. భయమేసి గేదెల కొట్టంలో గడ్డివాము వెనక దాచిపెట్టాను. ఒకామె షాంపూ సీసాని ఏకంగా బొంద తవ్వి పూడ్చింది, ప్రాణం ఉసురు తగులుతుందని. గురజాల వెళ్ళినా, గుంటూరు వెళ్ళినా బాబాయిది ఒకటే వరస. బొమ్మ ఉన్నది తోసెయ్యడం, లేనిది తెచ్చుకోవడం.

పరీక్షలు అయ్యాక రుచిత వచ్చింది. దూలం మీద తాత పేర్చిన ట్యూబుల్ని చూసింది, ఆయన వాటిని ఎలా ఎంచాడో వింది, వంటింటి గుమ్మంలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకుంటే చెన్నమ్మ పిన్ని చక్కెర తినిపించింది.

"తాతా, ఆ బొమ్మ ఉంటేనే దాని జోలికి పోలేదని అర్థం. నువ్వు మంచివన్నీ తోసేసి, యాడవో తెలియనివన్నీ ఏరి తెచ్చావు."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"జోలికి పోకపోతే బొమ్మ ఎందుకేస్తారే? ఏసినా దాని మీద అడ్డంగా గీత కొట్టాలిగా. మందు డబ్బాలు చూసినోడికి ఎట్టా తెలుస్తది?"

"నిజమేలే తాతా, వాళ్ళు నిన్ను అడగలేదు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ అక్తర్ బేగం కొట్టుకి వెళ్ళారు. బాబాయి గుమ్మం బయటే చెప్పులు విప్పి, "అమ్మా, నేను తిట్టిన పెట్టెలన్నీ తియ్యి" అన్నాడు.

"నీ మాట ఇని నేను కంపెనీకి వాపసు పంపించేదాన్ని అన్నా, లారీవాడు రాలేదు కాబట్టి బతికిపోయా" అంది ఆవిడ. నేను మాత్రం ఆ సాయంత్రమే గడ్డివాము వెనక్కి వెళ్ళాను. నా డబ్బాని గేదె నాకేసింది. దాని మూతి ఇప్పటికీ నునుపుగానే ఉంటుంది.

చెవులపిల్లి ముడి వీడింది, కానీ కన్నీళ్ళ ముడి వీడలేదు. బొమ్మ ఉన్నవాటిలో కారనిదేదో తేలాలి. ఒకటి మా పల్నాటి ఎండకి మొదటి పద్యంలోనే కరిగి జారింది. ఇంకొకటి గట్టిగా పట్టింది గానీ, రెప్పలకి గండుచీమలు పట్టినట్టు ఉండలు కట్టింది. వేరొకటి చూడముచ్చటగా ఉంది, మొదటి కన్నీటి బొట్టుకే చెంప మీదికి వచ్చి కూర్చుంది. ఇదంతా చూసి చెన్నమ్మ పిన్నికి ఒళ్ళు మండింది. "బజారు సరుకుల్లో ఏముంది, నేను చేస్తా" అని ఆముదం దీపానికి ఇత్తడి పళ్ళెం బోర్లించి మసి పట్టింది. మసిలో ఆముదం కలిపింది. కారకుండా ఉండాలని మా పొలంగట్టున తుమ్మచెట్టు జిగురు తెచ్చి నానబెట్టి కలిపింది. నిజంగానే కారలేదు. బాబాయి రాసుకుని, పద్యం ఎత్తుకుని, భావం కోసం కళ్ళు మూశాడు. మళ్ళీ తెరుచుకోలేదు. పైరెప్పా కిందరెప్పా ఉత్తరం కవరు అంటించినట్టు అంటుకుపోయాయి.

"ఇప్పుడు రాణి గుడ్డిదని కథ మార్చుకోవాలి" అని హార్మోనియం చిన్నప్ప అన్నాడు. సమాజంలో పెట్టె వాయించేది ఆయనే. ఆయన అన్నదానికి పిన్ని చీపురు తీసింది. పిన్నే గోరువెచ్చని నీళ్ళతో తడిపి తడిపి కళ్ళు విడదీసింది. నాలుగు వెంట్రుకలు పోయాయి. ఆ నాలుగూ పోయినందుకు బాబాయి కంటే ఆవిడే ఎక్కువ బాధపడింది.

అప్పుడు రుచిత ఫోన్లో వెతికి ఒక చిన్న రేకు డబ్బా తెప్పించింది. ఎవరో ఆడవాళ్ళు కలిసి నడుపుతున్న చిన్న కంపెనీ. దాని పేరు నాకు నోరు తిరగదు. తవుడు నుంచి తీసిన మైనం, ఆముదం, నల్లరంగు మట్టి అని పెట్టె మీద రాసి ఉందట. అడుగున గెంతే చెవులపిల్లి ఉందో లేదో బాబాయి మూడుసార్లు చూసుకున్నాడు. లోపల నల్లటి బిళ్ళ, పక్కన చిన్న కుంచె. తడిపి రుద్ది రాయాలి. ఎలా రాయాలో, పేట తీసుకెళ్తే అక్తర్ బేగం తానే రాసి చూపించింది.

"అన్నా, కింద రెప్పకి ముట్టనీకు. కన్నీళ్ళు కిందికే గదా దిగేది. పైన రాయి, ఆరనీ, మళ్ళీ రాయి. తొందర పడితే ఏదైనా కారుద్ది."

"కంపెనీవాళ్ళు పరీక్ష చెయ్యకపోతే మరి మనం చెయ్యాలిగా" అన్నాడు బాబాయి. చెవులపిల్లి చెయ్యాల్సిన పని తానే చెయ్యాలని ఆయన తీర్మానం.

పల్నాటిలో కన్నీళ్ళకి మిరపకళ్ళాన్ని మించిన చోటు లేదు. అప్పుడు కాయ కోతల కాలం. కళ్ళంలో ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయ ఎండుతుంటుంది, ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తుంటారు. అలవాటైన వాళ్ళకే ముక్కు కారుతుంది, అలవాటు లేనివాళ్ళు దగ్గి దగ్గి రోడ్డెక్కుతారు. బాబాయి పొద్దున్నే రెప్పలకి రంగు వేసుకుని, తలకి తువ్వాలు చుట్టి, ఆడకూలీల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఘాటుకి కళ్ళు ఎర్రబడ్డాయి, నీళ్ళు దొర్లుతున్నాయి.

"ఏంది పెదరైతా, మాకు పోటీగా కూలికొచ్చావా?" అని ఒకామె.

"కూలికి కాదే, పెళ్ళిచూపులకి. చూడు ఆ రెప్పలు" అని ఇంకొకామె.

"మా ఆయన ఒక్క పూట ఇట్టా కూర్చుని ఏడిస్తే, నేనే దగ్గరుండి రంగేస్తా" అని మూడో ఆమె. కళ్ళమంతా ఒక్కటే నవ్వు.

బాబాయి నవ్వుతూనే ఏడ్చాడు, ఏడుస్తూనే తొడిమలు తీశాడు. మిరప చేత్తో కన్ను ముట్టుకోకుండా చెన్నమ్మ పిన్ని పక్కనే నిలబడి తెల్లటి తువ్వాలుతో చెంపలు ఒత్తింది. సద్దన్నం వేళ దాకా అలాగే ఉన్నారు. అప్పుడు ఆ తువ్వాలు విప్పి చూశారు. తడి తప్ప నలుపు లేదు. నేను నమ్మక వెలుతురుకి పట్టి చూశాను, మడతల్లో చూశాను, వాసన కూడా చూశాను. లేదు. ఆడకూలీలు ఆ తువ్వాలుని చేతులు మార్చుకుంటూ కళ్ళం చివరిదాకా తీసుకెళ్ళి చూసి, వెనక్కి తెచ్చి ఇచ్చారు. తిరుపతి లడ్డూని కూడా అంత భక్తిగా పంచుకోరు.

శివరాత్రి వచ్చింది. ఎత్తైన ప్రభల మీద లైట్లు వెలుగుతున్నాయి. రాత్రంతా డాన్సులకి ఇచ్చేసి, మా నాటకానికి పొద్దుగూకే వేళ ఇచ్చారు. ముందు వరసలో శ్రీమన్నారాయణ శెట్టిగారు, ఆయన పక్కన ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ కూర్చున్నారు. శెట్టిగారు అడ్వాన్సు మాట్లాడుకోవడానికి గుంటూరు ఆర్టిస్టుని కూడా పిలిపించాడని నాకు తెలిసింది. ఆవిడ మూడో కుర్చీలో కూర్చుని పల్లీలు తింటోంది. వెనక కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి సిద్ధంగా ఉన్నారు. పోయిన ఏడాది కాటుక కాలవలు మళ్ళీ పారితే పట్టుకుందామని.

తెర తీశారు. కనకాంబ రాణి నడిచి వచ్చింది. ఊయల దగ్గర కూర్చుంది. చిన్నప్ప శ్రుతి పట్టాడు. బాబాయి తాడు ముట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు. కెమెరావాడు కన్ను పట్టి తెర మీద పరిచాడు. ఒక్కో రెప్ప వెంట్రుకా చీపురుపుల్లంత ఉంది. నీళ్ళు వచ్చాయి. చెంపలు తడిశాయి. నలుపు రాలేదు.

అంతలో వెనక నుంచి కుర్రాళ్ళు, "వన్స్‌మోర్" అని కేక వేశారు. పద్యం బాగుంటే మళ్ళీ పాడమనడం మా వైపు మర్యాదే, కానీ వీళ్ళది మర్యాద కాదు, ఇంకాస్త ఏడిపిస్తే కారుతుందని ఆశ. బాబాయి మళ్ళీ పాడాడు. మళ్ళీ ఏడ్చాడు. రెప్పలు అలాగే ఉన్నాయి.

శెట్టిగారు మొహం చిట్లించి వెనక వరసలో ఉన్న నా వైపు వంగాడు. "ఏందమ్మాయ్, ఈ ఏడు ఏడుపు తగ్గినట్టుందే. నలుపు లేకపోతే ఏడ్చినట్టే లేదు."

కారితే మంత్రి వేషం, కారకపోతే ఏడవలేదంట. ఇక ఆ మనిషి ఏం చెయ్యాలి?

మళ్ళీ వన్స్‌మోర్ అన్నారు. ఈసారి బాబాయి హార్మోనియం ఆపమని చెయ్యి చూపించాడు. శ్రుతి లేకుండా, పాట లేకుండా, పద్యంలో చివరి పాదం ఉత్త మాటలాగా ఊయలకి చెప్పాడు. ఖాళీ ఊయలని ఒకసారి ఊపి, తల కొంచెం వంచాడు. పైరెప్ప చివర ఒక కన్నీటి బొట్టు వచ్చి ఆగింది. తెర మీద అది బిందెడంత ఉంది. నల్లటి వెంట్రుక కొసన తెల్లగా, లోపల ప్రభల దీపాలన్నీ తలకిందులుగా మెరుస్తూ వేలాడింది. పడదు. పడుతుందేమోనని జనం చూస్తున్నారు. పడదు. పక్కన డాన్సుల వాళ్ళ పాటల డబ్బాలు కూడా ఎవరో ఆపేశారు. అప్పుడు పడింది, ఊయల గుడ్డ మీద, చినుకులాగా.

ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. కుర్రాళ్ళ చేతుల్లో ఫోన్లు ఎప్పుడు దిగిపోయాయో. ముందు వరసల్లో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. గుంటూరు ఆర్టిస్టు ఒళ్ళో పల్లీలు ఒలికిపోయాయి. కెమెరావాడికి ఏం తోచిందో, కెమెరాని జనం మీదికి తిప్పాడు. ఇంకేముంది, కోటప్పకొండ కింద ఆడవాళ్ళందరి కాటుకలూ కరిగి, తెర నిండా నల్ల చెంపలు. వాటన్నిటి మధ్య రాజ్యలక్ష్మమ్మ గారి మొహం, గడ్డం దాకా రెండు చారలు. శెట్టిగారు తెర మీద ఆవిణ్ణి చూసి, పక్కకి తిరిగి అసలు ఆవిణ్ణి చూసి, జేబు రుమాలు తీసిచ్చాడు. ఇచ్చే ముందు దాంతో తన కళ్ళు కూడా ఒత్తుకున్నాడు. చూశాను, అబద్ధం చెప్పను.

ఆటయ్యాక తెర వెనక కాలు పెట్టే సందు లేదు. అందరికంటే ముందు దూరింది రాజ్యలక్ష్మమ్మే.

"అన్నయ్యా, ఆ డబ్బా ఏందో చెప్పు. మా చెల్లెలి కూతురి పెళ్ళి ఉంది. అప్పగింతల్లో మా ఇంటి ఆడోళ్ళంతా ఇట్టాగే అయితే వియ్యాలవారు జడుసుకుంటారు."

"చెప్తానమ్మా. ముందు డబ్బా అడుగున చెవులపిల్లి ఉందో లేదో చూసుకోవాలి. ఉంటేనే కొనాలి" అని బాబాయి మొదలుపెట్టాడు. ఎలకల మందు నుంచి అంతా చెప్పాడు.

శెట్టిగారు వెనక నిలబడి గొంతు సవరించుకున్నాడు. "అంకారావూ, ఆ గుంటూరావిడ వెళ్ళిపోతంది. నేనేం పంపించలేదు. ఈ వేషం తన వల్ల కాదని తనే అంటంది."

"అయితే వచ్చే ఏటికి?"

"వచ్చే ఏటికి గూడా ఊయల నీదే. నేనిక ఆ మాట ఎత్తను."

బాబాయి తల ఊపాడు. సవరం ఊడదీసి పిన్ని చేతికిచ్చాడు. పిన్ని అలవాటు కొద్దీ తడిగుడ్డ తీసింది. ఆట అయిన ప్రతిసారీ కాటుక మంటకి కళ్ళ మీద గుడ్డ కప్పుకుని ట్రాక్టరు తొట్టిలో పడుకుంటాడు, తిరునాళ్ళ అంతా ఆ గుడ్డ కిందే గడిచిపోతుంది. పెళ్ళైన నాటి నుంచి పిన్ని అక్కడే కూర్చుని కాపలా.

"మండుతందా?" అంది.

బాబాయి రెండు కళ్ళూ ఆర్పి చూసుకున్నాడు. "లేదే."

"అసలుకే?"

"అసలుకే. పద, ప్రభలు చూద్దాం. జనం ఎగబడి చూస్తారంట గదా, మనం ఎప్పుడూ చూడలేదు."

పిన్ని గుడ్డ పిండి సంచిలో పడేసింది. పట్టుచీర విప్పి లుంగీ కట్టుకున్నాడు, పైన బనీను, భుజాన తువ్వాలు. మొహం కడుక్కున్నాడు గానీ, రెప్పల రంగు తియ్యాలంటే గోరువెచ్చని నీళ్ళు కావాలట, అవి అక్కడ ఎక్కడ దొరుకుతాయి. అలాగే జనంలోకి నడిచాడు. జీళ్ళ కొట్టు దగ్గర ఆగి పిన్నికి జీళ్ళు కొన్నాడు. కొట్టువాడు పొట్లం కడుతూ ఒకసారి ఆ రెప్పల వంక చూశాడు, ఒకసారి లుంగీ వంక చూశాడు, ఏమనాలో తెలియక గుప్పెడు జీళ్ళు ఎక్కువ వేశాడు. ఇద్దరూ అవి నములుతూ, తలలు వెనక్కి వాల్చి, ఒక్కో ప్రభ కిందా ఆగుతూ వెళ్ళారు.